తొమ్మిది మంది కోయిర్‌కి పాటల అమరిక: నాలుగు గొంతులు వదిలి రెండింటితో మొదలుపెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీ చర్చి కోయిర్‌లో తొమ్మిది మంది. ఐదుగురు ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు, గొంతు మారుతున్న ఒక కుర్రాడు. కీబోర్డు, తబలా ఉన్నాయి. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవగలిగింది కీబోర్డు వాయించేవారు ఒక్కరే. నాలుగు గొంతుల ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని సొప్రానో, ఆల్టో (ఆడవాళ్ళ పై, కింది గొంతులు), టెనర్, బేస్ (మగవాళ్ళ పై, కింది గొంతులు) అని పంచుకుంటే రెండో చరణానికల్లా ఎవరి వరుస వాళ్ళకి తప్పిపోతోంది. ఆరాధనకి వచ్చిన సంఘం కూడా పాడటం మానేసి మీ వైపు చూస్తోంది. ఆరాధనలో ఇంగ్లీషు వరుసల్లోకి వచ్చిన పాటలూ ఉన్నాయి, రాగతాళాలున్న కీర్తనలూ ఉన్నాయి. రెంటికీ ఏం చేయాలి?

ముందు లెక్క చూడండి. ఒక గొంతు వరుస నిలబడాలంటే కనీసం ఇద్దరుండాలి, ముగ్గురుంటే నిశ్చింత. ఒకరు ఊపిరి పీల్చుకునేటప్పుడు పక్కవారు పాట మోయాలి. ముగ్గురు మగవాళ్ళని టెనర్, బేస్ అని విడగొడితే ఒకవైపు ఒక్కరే మిగులుతారు. ఆయన ఊపిరి తీసుకున్న ప్రతిసారీ ఆ వరుస మాయమవుతుంది, ఆయన రాని ఆదివారం అసలే ఉండదు. మీ వాళ్ళకి చేతకాక పాట చెదరడం లేదు, మనుషులు చాలకే చెదురుతోంది. కాబట్టి అసలు వరుస, దాని కింద ఒక సెకండ్ (తోడు వరుస), ఈ రెండే పెట్టుకోండి. ఆడవాళ్ళలో ముగ్గురు అసలు వరుస, ఇద్దరు సెకండ్. మగవాళ్ళు మామూలుగా అసలు వరుసే ఒక స్థాయి కింద (అవే స్వరాలు, లోతు గొంతులో) పాడతారు. వాళ్ళకి అప్పుడప్పుడు మూడు స్వరాల బేస్ ఇవ్వొచ్చు, అది కింద చెబుతాను. కుర్రాడి గొంతు ఆ వారం ఎక్కడ ఇబ్బంది లేకుండా పలుకుతుందో చూసి అక్కడే పాడించండి. అందని స్వరం వచ్చినప్పుడు ఊరుకోనివ్వండి. ఆ వయసులో గొంతుని బలవంతంగా పైకి లాగించకూడదు.

శ్రుతి

చాలా కోయిర్లు పుస్తకంలో అచ్చైన శ్రుతిలోనే పాడి నష్టపోతాయి. పుస్తకాల్లో శ్రుతిని నాలుగు గొంతులకీ సర్ది పెడతారు. అందులో పై వరుస తర్ఫీదున్న సొప్రానోలకి సుఖంగానే ఉంటుంది, సంఘానికి అందదు. సంఘంతో కలిసి పాడే పాటలో అన్నిటికంటే పై స్వరం ఆడవాళ్ళకి మిడిల్ సి (కీబోర్డు నడుమ ఉండే సి) పైనున్న సి గానీ, దాని పక్కన డి గానీ దాటకుండా చూసుకోండి. మగవాళ్ళకి అదే స్వరం ఒక స్థాయి కింద వస్తుంది. అంటే ముందు పాటంతా ఒకసారి హమ్ చేసి అతి పై స్వరం ఏదో పట్టుకోవాలి, ఆ స్వరాన్ని సి మీదో డి మీదో కూర్చోబెట్టాలి, శ్రుతి దాన్నిబట్టి తేలుతుంది.

ఉదాహరణకి ఓల్డ్ హండ్రెడ్ అనే వరుస తీసుకోండి. 1551 నాటి జెనీవా కీర్తనల పుస్తకంలో వచ్చిన వరుస అది, చాలా గుడుల్లో స్తుతి చరణానికి వాడతారు. మంద్ర పంచమం (కింది ప) నుంచి మధ్య పంచమం (పై ప) దాకా సరిగ్గా ఒక స్థాయిలో ఇమిడిపోతుంది. జి శ్రుతిలో పాడితే కింద డి, పైన డి. ఎఫ్‌లో పాడితే కింద సి, పైన సి. పొద్దున ఎనిమిదింటి ఆరాధనకి ఎఫ్ మేలు, సాయంత్రం కూటానికి జి పెట్టినా ఇబ్బంది లేదు. పొద్దున గొంతులు ఇంకా తెరుచుకోవు కాబట్టి ఒక మెట్టు తగ్గించుకోవడం అన్ని పాటలకీ వర్తిస్తుంది.

కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ (ఒక్క నొక్కుతో శ్రుతి మార్చే సదుపాయం) వాడేవారికి ఒక జాగ్రత్త. మొదటి పాటకి మైనస్ 3 (మూడు అర మెట్లు కింద) పెట్టి, రెండో పాటకి సున్నాకి తేవడం మరిచిపోతే కోయిర్ ఎత్తుకున్నాక గానీ తెలియదు, అప్పటికి దిద్దుకునే దారి ఉండదు. ప్రతి పాట కాగితం మీద పైన కుడి మూలన ట్రాన్స్‌పోజ్ అంకె పెద్దగా రాయండి. సున్నా అయినా రాయండి.

సెకండ్ కట్టడం

సూత్రం తేలిక: అసలు వరుసకి రెండు మెట్లు కింద స్వరం. ప కి గ, ద కి మ, గ కి స. చెవికి ఇది వెంటనే అందుతుంది, నొటేషన్ రానివాళ్ళు కూడా పట్టుకుంటారు. గుడ్డిగా పాట పొడవునా ఇదే లాగితే మాత్రం కొన్నిచోట్ల సెకండ్, కీబోర్డు మీద ఒకేసారి నొక్కే స్వరాల గుంపు అయిన కార్డ్‌తో రుద్దుకుంటుంది. అక్కడ ఇంకో మెట్టు దిగాలి. ఎక్కడ దిగాలో ఒక పాటలో చూపిస్తే తక్కిన పాటలకి మీరే కట్టుకోగలరు.

శుద్ధరాత్రి (ఇంగ్లీషులో సైలెంట్ నైట్) వరుస తీసుకుందాం. 1818 క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డార్ఫ్‌లో దాన్ని మొదటిసారి పాడినప్పుడే రెండు గొంతులు, ఒక గిటారు ఉన్నాయి. కాబట్టి రెండు గొంతులకి కుదించామని బాధపడక్కర్లేదు, అది పుట్టిందే అలా. శంకరాభరణం స్వరాల్లో రాస్తున్నాను. స్వరం పక్కన గీత ఉంటే తారస్థాయి (పై స్థాయి). మొత్తం 12 బార్లు (బార్ అంటే తాళం ఒక చుట్టు).

1, 2 బార్లు, రెండూ ఇలాగే. అసలు: ప ద ప గ. సెకండ్: గ మ గ స.
3వ బార్. అసలు: రి' రి' ని. సెకండ్: ని ని ప.
4వ బార్. అసలు: స' స' ప. సెకండ్: ప ప గ.
5వ బార్. అసలు: ద ద స' ని ద. సెకండ్: మ మ ద ప మ.
6వ బార్. అసలు: ప ద ప గ. సెకండ్: గ మ గ స.
7, 8 బార్లు 5, 6 లాగే.
9వ బార్. అసలు: రి' రి' మ' రి' ని. సెకండ్: ని ని రి' ని ప.
10వ బార్. అసలు: స' గ'. సెకండ్: ప స'.
11వ బార్. అసలు: స' ప గ ప మ రి. సెకండ్: ప గ స రి రి, చివర మంద్ర ని.
12వ బార్. ఇద్దరూ స.

4వ బార్ దగ్గర ఆగి చూడండి. స' కి రెండు మెట్లు కింద ద వస్తుంది. అక్కడ కీబోర్డు వాయించేది స గ ప కార్డ్. ప మోగుతుండగా దాని పక్కనే ద పాడితే రెండూ ఒరుసుకుంటాయి, వినేవారికి ఎవరో అపశ్రుతి పాడినట్టే ఉంటుంది. అందుకే ద వదిలి ఇంకో మెట్టు దిగి ప పట్టుకున్నాం. 10వ బార్‌లో స' కింద ప రావడానికీ, 11వ బార్‌లో రెండోసారి వచ్చే ప కింద గ బదులు రి పెట్టడానికీ కారణం ఇదే. 11వ బార్ రెండో సగంలో కార్డ్ ప ని రి కి మారుతుంది, అందులో గ లేదు. అదే 5వ బార్‌లో స' కింద ద పెట్టాం, చక్కగా కుదిరింది. ఎందుకంటే అక్కడ కార్డ్ మ ద స. ఏ పాటకైనా ఇంతే: సాగే స్వరం కింద సెకండ్ ఆ బార్ కార్డ్‌లో ఉండాలి. 5వ బార్‌లో ని కింద ప లాగా జారిపోయే చిన్న స్వరానికి ఈ పట్టింపు అక్కర్లేదు.

ఈ వరుసలో పై స్వరం తారస్థాయి మ. సి శ్రుతిలో అది ఎఫ్ దాకా వెళుతుంది, చిన్న కోయిర్ అక్కడ అరుస్తుంది. ట్రాన్స్‌పోజ్ మైనస్ 3 పెట్టి ఎ శ్రుతిలో పాడితే డి దగ్గర ఆగుతుంది. సెకండ్ వాళ్ళకి చివర మంద్ర ని బాగా కిందికి వస్తుంది, ఆ చోటికి లోతు గొంతున్న ఇద్దరిని ఎంచుకోండి. సెకండ్‌కి మనుషుల్ని ఎంచేటప్పుడు గొంతు లోతుతో పాటు పక్కవారి పాటకి జారిపోని చెవి కూడా చూడాలి. బలహీనంగా పాడేవాళ్ళని సెకండ్‌లో పడేయడం మామూలుగా జరిగే పొరపాటు. మీలో అందరికంటే స్థిరంగా పాడే ఇద్దరిలో ఒకరు తప్పకుండా అక్కడుండాలి.

మగవాళ్ళ మూడు స్వరాల బేస్ అన్నాను కదా. ఇదే పాటకి బార్ వారీగా: స, స, ప, స, మ, స, మ, స, ప, స, తర్వాత 11వ బార్‌లో సగం స సగం ప, చివర స. స నుంచి ప కి, మ కి పైకి ఎక్కకుండా కిందికి దిగమనండి. ఎ శ్రుతిలో ఇవి ఎ, దాని కింద ఇ, డి. ముగ్గురికీ హాయిగా అందుతాయి. మాటలన్నీ పాడించకుండా బార్ మొదటి అక్షరం మీద "ఊ" అని సాగదీయమంటే చాలు. నోరు మూసి హమ్ చేయిస్తే కీబోర్డు కింద వినపడదు.

తెలుగు మాట, ఇంగ్లీషు వరుస

అమరికలో సగం పని ఇక్కడుంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. ఇంగ్లీషు వరుసల్లో అక్షరాల లెక్క 8.8.8.8 (నాలుగు పాదాలకీ ఎనిమిదేసి అక్షరాలు) అనో 8.6.8.6 అనో ఉంటుంది. అనువాదంలో లెక్క సరిపోయినా హ్రస్వదీర్ఘాలు సరిపోవు. "బలము" అన్న మాటలో మొదటి అక్షరం రెండు మాత్రల స్వరం మీద పడితే సంఘానికి "బాలము" వినిపిస్తుంది. "పరము" "పారము" అవుతుంది. మాట మారితే అర్థం పోతుంది, ప్రార్థన పోతుంది.

దిద్దే పద్ధతి: మాట మొదట్లో, నడుమ ఉన్న హ్రస్వాన్ని సాగనివ్వకండి. సాగాల్సిన స్వరాన్ని రెండుగా విరిచి రెండు లఘువుల్ని అందులో వేయండి, మిగిలిన సాగదీత మాట చివరి అక్షరానికి ఇవ్వండి. "బల" ఒక మాత్రలో చెప్పేసి "ము" ని రెండు మాత్రలు పట్టుకోండి. చివరి అచ్చు సాగితే తెలుగు చెవి ఓర్చుకుంటుంది, నడుమ సాగితే ఓర్చుకోదు. ఇలా విరిచిన చోటల్లా కాగితం మీద అక్షరాల కింద గీత కలిపి ఉంచండి. లేకపోతే ముగ్గురు విరుస్తారు, ఆరుగురు పాత అలవాటులో సాగదీస్తారు.

చివరి అక్షరాల సంగతి కూడా ఇక్కడే. మన పాటల్లో పాదాలు "ము, ను, డు" లతో ముగిసేవి ఎక్కువ. ఉకారం మీద పెదాలు ముడుచుకుని శబ్దం చచ్చిపోతుంది, శ్రుతి కిందికి జారుతుంది. లోపల దవడ దించి, పెదాలు మాత్రమే గుండ్రంగా ఉంచమనండి. సున్నా ఉన్న చోట, "వందనం" లాంటి మాటలో, "న" ని పట్టుకుని సాగాలి, ఆఖరి పావు మాత్రలో అందరూ కలిసి పెదాలు మూయాలి. ఒకరు ముందు మూసి ఒకరు తర్వాత మూస్తే పాదం చివర తేనెటీగలు ముసిరినట్టు ఉంటుంది. చెయ్యి మూసి సైగ చేసే మనిషి ఒకరుంటే రెండు వారాల్లో కుదురుతుంది.

కీర్తనలకి ఇదంతా పనికిరాదు

19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివారు రాసిన కీర్తనల బలం రాగంలో, తాళంలో ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం, తాళం అచ్చు వేసేది అందుకే. శంకరాభరణం ఉన్న పాటకి కార్డులు కుదురుతాయి. మోహనకి కొంతవరకు. ముఖారి, సావేరి, తోడి లాంటి వాటికి దయచేసి కార్డులు వేయకండి, సెకండ్ కట్టకండి. మోహనలోనే చూడండి: స రి గ ప ద. అసలు వరుస పై రి దగ్గరికి వెళ్ళినప్పుడు రెండు మెట్లు కింద ని వస్తుంది, మోహనలో ని లేదు. ఆ ఒక్క స్వరం పడగానే రాగం చెదిరిపోతుంది. మోహనలో సెకండ్ కావాలంటే ఆ ఐదు స్వరాల్లోంచే ఏరుకోవాలి, పై రి కింద ద గానీ ప గానీ.

కీర్తనకి అమరిక అంటే ఎవరు ఎప్పుడు పాడాలి, ఎవరు ఎప్పుడు ఊరుకోవాలి అని తేల్చుకోవడమే. కీబోర్డు స, ప రెండే పట్టుకుని తంబురాలా ఉండాలి. హిందోళంలాంటి పంచమం లేని రాగమైతే స, మ పట్టుకోవాలి. పల్లవి ఒకసారి ఒక్కరు, వెంటనే అందరూ. అనుపల్లవి ఆడవాళ్ళు. మొదటి చరణంలో ప్రతి పాదం ఒకరు చెబితే కోయిర్ తిరిగి పాడటం, ఇలా చేస్తే పుస్తకం లేనివాళ్ళూ కలుస్తారు. రెండో చరణం మగవాళ్ళు. ఒక చరణంలో తబలా ఆపేసి తాళం చేత్తోనే వేయండి. తిరిగి పల్లవికి తబలా అందుకున్నప్పుడు వచ్చే నిండుదనం కోసం అదనంగా ఏ వాయిద్యమూ తేనక్కర్లేదు.

తాళం దగ్గర జరిగే పెద్ద తప్పు కీబోర్డు తనంతట తానే తాళం వేసే ఆటో రిథమ్. అందులో ఎక్కువగా వాడేవి నాలుగు మాత్రల నడకలు. ఆదితాళం ఎనిమిది కాబట్టి సరిపోతుంది. త్రిపుట ఏడు మాత్రలు, మూడు, రెండు, రెండుగా నడుస్తుంది. దాన్ని నాలుగులోకి తోస్తే పాదం చివర ఒక మాత్ర ఖాళీ సాగదీయాల్సి వస్తుంది, కొన్నేళ్ళకి సంఘానికి ఆ తప్పు నడకే అసలు వరుస అయిపోతుంది. రిథమ్ ఆపి తబలా మీద ఆధారపడండి. పాట సమం (తాళం మొదటి దెబ్బ) మీద ఎత్తుకుంటుందా, సమం తర్వాతా అన్నది తబలా ఆయనా పాట ఎత్తేవారూ ముందే తేల్చుకుని కాగితం మీద "ఎత్తుగడ: ఒక మాత్ర తర్వాత" అని రాసుకోవాలి. గమకాలు మనిషికో తీరుగా వేస్తే తొమ్మిది గొంతులు బురదవుతాయి. ఏ అక్షరం మీద ఊగాలో ఒకటి రెండు చోట్లు నిర్ణయించుకుని తక్కినవి నిలకడగా పాడండి.

చరణాల పంపకం, సాధన

నాలుగు చరణాల ఇంగ్లీషు వరుస పాటకి పని చేసే పంపకం ఒకటి చెబుతాను. మొదటిది అందరూ ఒకే వరుస. రెండోది ఆడవాళ్ళు రెండు గొంతులు. మూడోది మగవాళ్ళు అసలు వరుస, ఆడవాళ్ళు మౌనం, కీబోర్డు పలచగా. నాలుగోది మళ్ళీ అందరూ ఒకే వరుస, సంఘంతో కలిసి, గట్టిగా. సెకండ్ ఒక్క చరణంలోనే వినిపిస్తే చెవికి కొత్తగా తగులుతుంది, సంఘం తక్కిన మూడు చరణాలూ ధైర్యంగా పాడుతుంది. మీ సంఘం ఊరుకోవడానికి కారణం కూడా ఇదే అనుకుంటున్నాను: నాలుగు వరుసల మధ్య తాము పాడాల్సింది ఏదో వాళ్ళకి వినపడటం లేదు.

చివరి చరణానికి శ్రుతి అర మెట్టు పెంచడం చాలామందికి ఇష్టం. పై స్వరం అప్పటికే డి దగ్గర ఉంటే వద్దు. మ్యూజిక్‌లో పాట ఎత్తుకునే ముందు ఆ పాట చివరి పాదం ఒక్కటి వాయిస్తే చాలు, చరణమంతా వాయించక్కర్లేదు. చరణాల మధ్య ఖాళీ ప్రతిసారీ ఒకే లెక్క ఉండాలి. ఒకసారి నాలుగు మాత్రలు, ఒకసారి ఆరు అయితే సంఘం సగం ముందు, సగం వెనుక ఎత్తుకుంటుంది.

సాధన గంటకి మించనక్కర్లేదు. మొదట సెకండ్ నేర్పండి, అదీ తొమ్మిది మందికీ. అందరికీ సెకండ్ వస్తే ఎవరు రాకపోయినా పాట ఆగదు, అసలు వరుస వాళ్ళకి కింద ఏం జరుగుతోందో తెలుస్తుంది. తర్వాత "లా" మీద రెండూ కలపండి. మాటలు ఆఖరున. సెకండ్ ఒక్కటే ఒక వాయిస్ మెసేజ్‌గా, రెండూ కలిపి మరొకటిగా వాట్సాప్‌లో పెడితే వారమంతా వింటారు. నిలబడేటప్పుడు సెకండ్ ఇద్దరూ పక్కపక్కన, అసలు వరుసకి ఒక చివర, కీబోర్డు దగ్గరగా ఉండాలి. మగవాళ్ళు వెనుక నడుమ. మైకు ఒకటో రెండో పెట్టి చేయి చాచినంత దూరంలో నిలబడండి. చేతికో మైకు ఇస్తే తొమ్మిది విడి గొంతులు వినిపిస్తాయి.

శ్రుతి జారిపోతుంటే రెండు చోట్ల వెతకండి. ఒకటి, ఒకే స్వరం వరసగా మూడు నాలుగుసార్లు వచ్చే చోటు, ప్రతిసారీ కొంచెం దిగుతుంది. రెండు, పైనుంచి దిగుతూ గ మీద ఆగే చోటు, గ దాదాపు ఎప్పుడూ కింద పడుతుంది. ఆ పాదాన్ని కీబోర్డు లేకుండా పాడించి, ఆఖరి స్వరం దగ్గర కీబోర్డు నొక్కి సరిచూడండి. కీబోర్డు మోగుతూ ఉంటే జారింది తెలియదు. కీబోర్డు ఎడమ చేయి కింది స్థాయిలో కార్డు మొత్తం కాక ఒక్క స్వరమే వాయించాలి, లేకపోతే మగవాళ్ళకి తమ స్వరం వినపడదు.

మొదటి నెలకి రెండు పాటలు చాలు. ఎఫ్ శ్రుతిలో ఓల్డ్ హండ్రెడ్, సెకండ్ ఒక్క చరణంలో. ఆదితాళంలో మీ సంఘానికి బాగా తెలిసిన కీర్తన ఒకటి, పైన చెప్పిన పంపకంతో. ప్రతి ఒక్కరి చేతిలో ఒక కాగితం: పైన శ్రుతి, ట్రాన్స్‌పోజ్ అంకె, ఎత్తుగడ, చరణం పక్కన ఎవరు పాడతారో, ఊపిరి తీసుకునే చోట పెన్సిల్ టిక్కు. సెకండ్ పాడే ఇద్దరి కాగితాల్లో ఆ టిక్కులు ఒకే చోట పడకుండా చూడండి.